నాలుగు వందల పన్నెండో పేజీ

నిలవ రొట్టె లోపలి మెత్తని భాగాన్ని ఉండచేసి పాత పుస్తకాల అట్టల మీద దొర్లిస్తే బూజు దానికంటుకుని వచ్చేస్తుంది. బెల్జియంలో, మా ఫ్లాండర్స్ వైపు ఏ క్రైస్తవ మఠం మూతపడినా అక్కడి పాత వేదాంత గ్రంథాలు పెట్టెల్లో మెఖెలెన్ ఊళ్ళోని మా ఇంటికి చేరతాయి. కొనేది నా భర్త విల్ఫ్రీడ్, తుడిచేది నేను. ముప్పై నాలుగేళ్ళుగా ఎలుక పెంటికలు, ఎప్పుడో పోయిన ఫాదర్ల వేలిముద్రలు, బూజు. రొట్టె నోట్లో పెట్టుకున్నా అదే వాసన. ఛీ, ఒక్కోసారి నా చేతులంటే నాకే రోత.

ఆ బూజు నా ఊపిరితిత్తుల్లోకీ పోయిందట. ఈ ఇంట్లో ఉంటే లాభం లేదు, మూడు నెలలు సముద్రం గాలి పీల్చమన్నాడు డాక్టరు. సముద్రపొడ్డున ఓస్టెండ్‌లో మా అక్క ఆగ్నెస్ నాకోసం గది సర్ది కూర్చుంది. విల్ఫ్రీడ్ చల్లగా, "మొగుడు ఒప్పుకోకుండా పెళ్ళాం ఇల్లు విడిచి ఉంటే పాపం. నా సొరుగులోని గ్రంథంలో నాలుగు వందల పన్నెండో పేజీ. లాటిన్‌లో ఉందిలే, నీకర్థం కాదు," అన్నాడు.

ఆ పేజీ నాకు కొత్త కాదు. మందుల షాపులో ఉద్యోగం వచ్చినప్పుడు అదే పేజీ చెప్పి మాన్పించాడు. వాళ్ళమ్మ మంచాన పడితే ఎనిమిదేళ్ళు ఆవిడ మలమూత్రాలు నేను ఎత్తిపోసింది ఆ పేజీ ప్రకారమే. ఒంట్లో బాగాలేదన్నా పడకగదిలో అదే పేజీ. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు కంపరమెత్తుతుంది. పాపమంటే భయం నాకు, ప్రతిసారీ తలవంచాను.

ఆ పుస్తకం ఏనాడూ అతని సొరుగు దాటలేదు. ఈ ఆదివారం దానికీ బూజు పట్టిందని, "యోస్ భోజనానికొస్తున్నాడు, ఈలోపు ఇదీ కానియ్," అంటూ నా ఒళ్ళో పడేశాడు. యోస్ కూడా ఇలాంటి పుస్తకాలు పోగేసేవాడే. వచ్చీరాగానే అతని గొంతు వంటింట్లోకి వినిపించింది.

"ఒక్క మచ్చ లేదు. ఎలా చూసుకుంటావయ్యా వీటిని?"

"ఓపికుండాలి యోస్."

"మా లీవమ్మ చెయ్యి కూడా ఉండుంటుంది," అని నా పేరెత్తాడు యోస్.

"తనకీ కాలక్షేపం కావాలిగా."

చేతిలో రొట్టె ఉండ నలిగిపోయింది. ఆ పేజీ మొహమైనా చూద్దామని తెరవబోతే అది విచ్చుకోలేదు. అప్పట్లో అచ్చువేసిన కాగితాలు మడతలతోనే కుట్టేసేవారు. చదవాలనుకున్నవాడు అంచులు కత్తితో చీరుకోవాలి. ఈ పుస్తకంలో మడతలన్నీ అలాగే ఉన్నాయి. చివరి విషయసూచిక ఒక్కటే చీరి ఉంది. అందులో 412 అంకె కింద అతని పెన్సిల్ గీత.

సింకు దగ్గర మోచేతుల దాకా సబ్బు రుద్దుకున్నాను. పైకెళ్ళి సంచి సర్దుకున్నాను. కిందికొచ్చి, పుస్తకాన్ని వాళ్ళిద్దరి పళ్ళేల మధ్య పెట్టి, దాని మీద రొట్టె కోసే కత్తి పెట్టాను.

"సూపేదీ?" అన్నాడు విల్ఫ్రీడ్.

"ముందు నాలుగు వందల పన్నెండో పేజీ చీరు. యోస్ చదివి నాకు చెప్తాడు."

విల్ఫ్రీడ్ మొహం పాలిపోయింది. యోస్ అంచుల మీద వేలు నడిపి, సంబరంగా, "దీన్నెవరూ చదవనేలేదే. చీరకు విల్ఫ్రీడ్, ఇలా ఉంటేనే విలువ," అన్నాడు.

"సరే, చీరొద్దులెండి," అన్నాను కోటు వేసుకుంటూ. "నేనూ చదవకుండానే ముప్పై నాలుగేళ్ళు పాటించాను. సూపు పొయ్యి మీదుంది, నేను ఓస్టెండ్ వెళ్తున్నాను."