వెనక్కి తిప్పని నట్టు

జీపు వెనక ఇరుసు కవరు ఊడదీయగానే నల్లటి నూనె పళ్ళెంలోకి బద్ధకంగా జారింది. నోరీన్ అందులో చూపుడువేలు ముంచి, బొటనవేలితో రుద్ది చూసింది. మెత్తటి రజను తగిలితే అది మామూలు అరుగుదల, కంగారుపడక్కర్లేదు. వేలికి గుచ్చుకుంటే మాత్రం లోపలి గేరు పన్ను విరిగినట్టే. గుచ్చుకుంది. నూనెలో అయస్కాంతం తిప్పితే మూడు ఇనుప పలుకులు అంటుకొచ్చాయి. ఒకటి మొక్కజొన్న గింజంత ఉంది.

"ఎన్ని పళ్ళు పోయాయమ్మాయ్?" అన్నాడు ఎల్డన్, పక్కనే పాత టైరు మీద కూర్చుని.

ఆయనకు డెబ్బై ఎనిమిది, ఆమెకు అరవై రెండు. ఆమెను అమ్మాయ్ అని పిలిచేవాడు ఈ ఊళ్ళో ఆయనొక్కడే మిగిలాడు. ఎర్రరాతి కొండల్లో దారితప్పి కాళ్ళు విరగ్గొట్టుకున్నవాళ్ళను కిందికి దించే స్వచ్ఛంద దళానిది ఆ జీపు. తోలేది ఆయనే.

"మూడు. నీ నోటికంటే ఇదే నయం."

"నావి గ్లాసులో భద్రంగా ఉన్నాయిలే. అయిదింటి నుంచి మా డ్యూటీ. అవుతుందా?"

"చూద్దాం. ముందు ఎందుకు విరిగాయో తెలియాలి. విరిగినవి మార్చి పంపిస్తే మళ్ళీ విరుగుతాయి."

ఆమె కిందికి దూరి పినియన్‌ను, అంటే ఇరుసును తిప్పే చిన్న పళ్ళచక్రాన్ని, రెండు చేతులా పట్టి లాగింది. అంగుళంలో ఎనిమిదో వంతు ముందుకూ వెనక్కూ కదిలింది. అది పిసరంత కూడా కదలకూడదు. దాన్ని బిగించి ఉంచే నట్టు విప్పాలంటే పానాకు నాలుగడుగుల గొట్టం తగిలించి ఒంటి బరువంతా వేయాలి. ఇప్పుడు వేళ్ళతో తిరిగింది.

నోరీన్ వెల్లకిలా పడుకునే దాన్ని మరోసారి తిప్పి చూసింది. నట్టు ఎందుకు వదులైందో ఆమెకు అర్థమైంది. ఎవరు వదులు చేశారో కూడా అర్థమైంది.

ఆ పినియన్ మీద రెండు బేరింగుల మధ్య గుప్పిట్లో ఇమిడే పల్చటి ఇనుప గొట్టం ఒకటి ఉంటుంది. నట్టు బిగించేకొద్దీ అది నలుగుతూ నట్టును ఎదురు తన్ని పట్టి ఉంచుతుంది. ఒకసారి నలిగితే మళ్ళీ సాగదు. పొరపాటున ఎక్కువ బిగిస్తే బేరింగు పట్టేస్తుంది. అప్పుడు పావు చుట్టు వెనక్కి తిప్పితే చేతికి అంతా హాయిగా ఉంటుంది, కొలత కూడా సరిపోతుంది. కానీ ఎదురు తన్నేది ఇక ఏమీ ఉండదు. నెలకో ఏడాదికో నట్టు వదులవుతుంది. పనివాడి మొహం చూసి ఇది కనిపెట్టలేం, నాలుగు వేల అడుగుల ఎత్తున బండే చెబుతుంది.

రెండేళ్ళ కిందట ఈ జీపుకు బేరింగులు మార్చింది ఈ షెడ్డులోనే. ఆ పది రోజులూ నోరీన్ ఆస్పత్రిలో మొగుడు వెండెల్ మంచం పక్కన ఉంది. లారీ తోలి తోలి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న ఆయన పోయి, పదకొండో రోజు ఆమె పనిలోకి వచ్చేసరికి జీపు వెళ్ళిపోయింది. చేసినవాడు ట్రెంట్, ఇప్పటి యజమాని.

ట్రెంట్ చెడ్డవాడు కాదు. షెడ్డు పెట్టిన మేనమామ పోయాక దాన్ని నిలబెట్టాలని తంటాలు పడుతున్నాడు, అంతే. ఆ మేనమామ దగ్గర ముప్పై మూడో ఏట బిల్లులు రాయడానికి చేరిన నోరీన్ ముందు, ఒకరోజు ఎవరూ ముట్టని పగిలిన ఇరుసును వేళాకోళానికి పెట్టారు మగవాళ్ళు. వారం తర్వాత ఆమె బాగుచేసిన ఆ బండి చప్పుడు లేకుండా వెళ్ళిపోయింది. ఆమె మళ్ళీ బిల్లు పుస్తకం ముట్టలేదు. ఆడమనిషి చేత చేయించామని చెప్పుకోలేక మొదట్లో వెనక తలుపు నుంచి బళ్ళు తెచ్చినవాళ్ళే, తర్వాత ఆమె లేదంటే వెనక్కి తీసుకుపోయేవాళ్ళు.

మధ్యాహ్నం తన పికప్ బండి తలుపు నీడలో నించుని, ఉప్పుబీట్రూట్ ముక్కలతో రొట్టె తింది. కొత్త క్రౌనూ పినియనూ, పెద్ద పళ్ళచక్రమూ చిన్నదీ, జతగా వచ్చాయి. బేరింగులు దించి, పినియన్ కూర్చి, నట్టు బిగించడం మొదలుపెట్టింది. కొంచెం బిగించడం, పానా మీద బిగువు చూపే ముల్లు చూడటం, మళ్ళీ కొంచెం. రెండున్నరకు కుడి మణికట్టు చివుక్కుమంది. పానాకు తగిలించిన గొట్టం అనుకున్నదానికంటే రెండు వేళ్ళ మందం కిందికి దిగింది. ముల్లు గీత దాటి ఆగింది.

తప్పు ఆమెదే. ఎవరి మీదా నెట్టే మనిషి కాదు.

"కొంచెం వెనక్కి తిప్పెయ్," అన్నాడు ట్రెంట్ వెనకనుంచి. ఎప్పుడొచ్చాడో తెలియదు.

"తిప్పను. విప్పి కొత్త గొట్టం వేస్తా."

"మళ్ళీ మొదటికా? నాలుగింటికి ఇస్తామన్నాం. చేత్తో తిప్పి చూస్తే సరిపోతుంది, ఎవరికీ తెలియదు."

"రెండేళ్ళ కింద కూడా ఎవరికీ తెలియదు."

ట్రెంట్ మొహం ఎర్రబడింది. ఎల్డన్ తల దించుకుని బూటు లేసు కట్టుకున్నాడు, అది ఊడకపోయినా.

"అసలీ పాత ఇరుసులు కూర్చే పని ఇకముందు పెట్టుకోదల్చుకోలేదు, అంతా తలనొప్పి. తయారైనది తెప్పించి నాలుగు బోల్టులతో బిగిస్తే సరి. నువ్వు మాట వినాలి. నేను చెప్పినట్టు తిప్పలేకపోతే రేపట్నుంచి రానక్కర్లేదు."

"సరే," అంది నోరీన్. "రేపు రాను. ఇవాళ మాత్రం నా చేతి కింద ఉన్న బండి నేను చెప్పినట్టే పోతుంది. వద్దంటే నన్ను పట్టి బయటికి లాగు."

లాగలేదు. ఎల్డన్ ఫోన్ తీసి పక్క జిల్లా దళాన్ని ఎనిమిది వరకూ తమ డ్యూటీ కూడా చూసుకోమన్నాడు, వాళ్ళు సరేనన్నారు.

ఆమె మణికట్టుకు గుడ్డ చుట్టుకుని నట్టు ఊడదీసింది. సుత్తితో పినియన్ బయటికి కొట్టి, నలిగిన గొట్టాన్ని చెత్తడబ్బాలో పారేసింది. కొత్తది వేసింది. ఈసారి ఎడమచేత్తో బిగించింది, ముప్పావుగంట పట్టింది. ముల్లు గీత మీద నిలిచినప్పుడు ఆమెకు ఏడుపు వచ్చింది. చెమట తుడుచుకున్నట్టు తుడుచుకుంది. క్రౌను ఎక్కించి, పళ్ళకు పసుపుపచ్చ రంగు పూసి తిప్పింది. రెండు చక్రాల పళ్ళు ఒరుసుకుని రంగు చెరిగిన మచ్చ పంటి నడిమధ్యన, సరిగ్గా పడాల్సిన చోట, చిక్కుడుగింజంత పడింది. చూడమని ఎల్డన్‌ను పిలిచింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"నాకేం తెలియట్లేదు కానీ, నువ్వు అంటే బాగానే ఉండి ఉంటుంది."

"బాగుంది. నా చేతి కింద ఇంతకన్నా బాగా మచ్చ ఇంకోటి పడలేదు."

ఏడింటికి జీపు నేల మీదికి దిగింది. ఊరి చివరి గుట్ట ఎక్కించి దించింది, చప్పుడు లేదు. తిరిగొచ్చాక పనిముట్ల పెట్టెను రెండు పలకల మీదుగా తన పికప్‌లోకి నెట్టుకుంది. పనివాళ్ళ పెట్టె పనివాళ్ళదే, వాళ్ళతోనే పోతుంది. ఎల్డన్ చెయ్యి వేయబోతే వద్దంది. ట్రెంట్ ఆఫీసు అద్దం వెనక నించుని చూస్తూ ఉన్నాడు. ఆమె అటు చూసి తల ఊపింది, కోపంగా కాదు. దుమ్ము రేపుకుంటూ పికప్ ఉత్తరం వైపు వెళ్ళిపోయింది.

పని మీద షెడ్డు పేరు తప్ప మనుషుల పేర్లు ఉండకూడదని ట్రెంట్ నియమం. ఎల్డన్ జీపు ఎక్కేముందు నడుం వంచి కిందికి చూశాడు. వెనక కవరు పై బోల్టు కింద సోడా డబ్బా నుంచి కత్తిరించిన రేకుముక్క ఒకటి బిగించి ఉంది, దాని మీద ఆనాటి తేదీ, తేదీ కింద ఒక్కో అక్షరమూ సుత్తితో కొట్టి చెక్కిన పూర్తి పేరు: నోరీన్ హాస్కెట్.