ఇస్సాకు కొన్న మూడో దీపం

నేను ఒక సైకిలు దీపాన్ని. ఏ ఊళ్లో తయారయ్యానో తెలియదు. నాకు ఊహ తెలిసేసరికి తెనాలిలో సాంబయ్యగారి సైకిలు షాపులో, అద్దాల బీరువాలో ఉన్నాను.

నన్ను కొన్నవాడు ఇస్సాకు, రైసు మిల్లులో హమాలీ. ఈ ఏడు మిల్లులో పని పెరిగి, చీకటిపడ్డాక కాలువ కట్ట మీద ఇంటికి వెళ్లాల్సి వస్తోంది. అప్పటికే రెండు దీపాలు కొని తిరిగిచ్చాడు. డైనమోది మెల్లగా తొక్కితే ఆరిపోతోందన్నాడు. బ్యాటరీది మసకన్నాడు.

"ఈసారి అన్నిటికన్నా వెలుగొచ్చేది ఇవ్వండి సాంబయ్యగారూ."

సాంబయ్యగారు నన్ను తీసి, వెలిగించి గోడ వైపు తిప్పారు. పట్టపగలే తెల్లటి చక్రం పడింది. నాకు గర్వమేసింది.

ఆ గర్వం మొదటి సాయంత్రమే పోయింది. గడ్డిపరకలు సైతం కనిపించేలా వెలిగానా, ఇస్సాకు తిన్నగా వెళ్లి గేదెను గుద్దాడు. ఇంకోరోజు కాలువ అంచుదాకా పోయి, చక్రం బురదలో దిగబడబట్టి ఆగాడు. నా నెత్తిన ఒకటిచ్చి, "ఇదీ మసకే" అన్నాడు. అద్దం తుడిచాడు, పైకి లేపాడు, కిందికి వంచాడు. అసలు వెలుగుతున్నానా లేదా అని నాకే అనుమానం పట్టుకుంది.

అతని భార్య రూతమ్మ నన్ను పరీక్షించాలనుకుంది. వాకిట్లో సైకిలు నిలబెట్టి, నన్ను వెలిగించి, కాస్త అవతల నిలబడింది.

"ఇప్పుడు చెప్పయ్యా, కనపడతన్నానా?"

"లైటు కనపడతంది. నువ్వెక్కడున్నావే?"

ఆమె చీర అంచు పువ్వులు కూడా నా వెలుగులో ఉన్నాయి. రూతమ్మ గబగబా వచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

"తప్పు లైటుది కాదయ్యా."

కంటి డాక్టరు రేచీకటి అన్నాడట, పూర్తిగా నయం కాదన్నాడట.

"రాత్రయితే అందరికీ ఇంతేననుకున్నానే" అన్నాడు ఇస్సాకు.

ఇప్పుడు సాయంత్రాలు రూతమ్మే సైకిలేసుకుని మిల్లు గేటు దగ్గరికి వస్తుంది. అతను వెనక క్యారియర్ మీద కూర్చుంటాడు. తోటి హమాలీలు కొన్నాళ్లు నవ్వి మానుకున్నారు.

"కల్వర్టొచ్చింది, నిదానం" అంటాడతను వెనకనించి. ఏళ్లుగా పగలు తొక్కిన దారి, గతుకును బట్టి చెప్పేస్తాడు. ఆ కల్వర్టు ఆమెకు ఎప్పుడో కనిపించింది. కనిపిస్తున్నదాన్ని చెప్పించుకోవడమెందుకో నాకు అర్థం కాదు.

రూతమ్మ మాత్రం "అట్టాగేనయ్యా" అని బ్రేకు నొక్కుతుంది.