కాలిన చేతికి కంపెనీ గడువు

ఫ్యాక్టరీలో ఆవిరి గొట్టం పగిలి మా వదిన కుడిచెయ్యి మోచేతిదాకా ఉడికిపోయింది. కట్టు ఇంకా విప్పనేలేదు, ఈ నెల చికిత్స భత్యం ఆగిపోయింది. అడగడానికి బాయిలర్ సెక్షనంతా జీతాల కిటికీ దగ్గరికి పోయాం.

“మేమేం ఆపలేదమ్మా, సిస్టమే ఆపేసింది” అన్నాడు లోపల్నుంచి మేనేజరు.

“సిస్టమేమన్నా డాక్టరా? నా చెయ్యి మానిందని దానికెవరు చెప్పారు?” అంది వదిన.

వాడు నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

కిటికీ అవతల కంప్యూటర్ ముందు జీతాలమ్మ కూర్చుంది. జీతాలు లెక్కించే పిల్లకు మేం పెట్టుకున్న పేరది. ఆఫీసువాళ్ళంటే మాకు మొదట్నుంచీ పడదు. మా ఫిట్టర్ బాబాయి ఆమెమీద విరుచుకుపడ్డాడు.

“చల్లగా కూర్చుని మా నోళ్ళు కొడతావా?”

ఆమె చివాల్న లేచింది.

“నన్నంటావేం బాబాయ్? భత్యం మొదలెట్టిన రోజే ముగింపు తేదీ కూడా వేయించాడు ఈయన. డాక్టరు మాట కూడా వినలేదు. ఆ తేదీ దాటితే డబ్బు దానంతటదే ఆగిపోతుంది. దెబ్బ తగిలిన అందరికీ ఇంతే చేయించాడు!”

జనం భగ్గుమన్నారు. గాయం ఎన్నాళ్ళకు మానాలో కంపెనీ ముందే తేల్చేసిందన్నమాట!

“తీసెయ్ ఆ తేదీ!” అని అరిచాం.

“ముట్టుకున్నావో, ఉద్యోగం ఊడుతుంది” మేనేజరు వేలు చూపించాడు.

ఆమెకూ సంసారముంది, ఇంటద్దె ఉంది. అయినా మళ్ళీ కంప్యూటర్ ముందు కూర్చుంది. వదిన పేరు మీదున్న తేదీ చెరిపేసింది. తర్వాత మిగతావాళ్ళవి చెరుపుతూ పోయింది. మేనేజరు ఆమె రెక్క పట్టి లాగబోతే, బాబాయి కిటికీలోంచి వాడి కాలరు దొరకబుచ్చుకున్నాడు.

పోలీసులొచ్చారు. లెక్కలు తారుమారు చేసిందట! మా కూడు లాక్కున్నవాడికి కుర్చీ వేసి, ఆ పిల్లను వ్యానెక్కించారు. సిగ్గులేని ముండాకొడుకులు!

“పనిలోకి పోండి!” అని లాఠీలూపారు. బాయిలర్ చల్లారిపోతోందని ఫోర్‌మన్ లబోదిబోమన్నాడు. చల్లారనీ అన్నాం.

వదిన వ్యాను మెట్టెక్కింది.

“నువ్వెందుకమ్మా, దిగు” అన్నాడు పోలీసు.

“దిగను. మానని చెయ్యి నాది. కేసు నామీద రాసుకో.”

వెనకే బాబాయి ఎక్కాడు, నేనెక్కాను, సెక్షనంతా ఎగబడింది. కట్టుకు తగలకుండా జీతాలమ్మ పక్కకు ఒదిగి, వదినకు చోటిచ్చింది.

“పోనియ్యరా బండి!” అని అరిచాడు పోలీసు.

డ్రైవరు కదల్లేదు. ఆఫీసు గుమాస్తాలందరూ సీట్లు వదిలేసి వచ్చి, చక్రాల ముందు అడ్డంగా కూర్చున్నారు.