హాయిగా ఇంట్లో

రత్నకుమారి గోంగూర ఆకు దూస్తుండగా వసారాలోంచి ఆ మాట వినబడింది.

"అమ్మగారు కూడా చదువుకున్నారంట గదా?" అని అడిగాడు ప్లీడరు కోటేశ్వరరావు.

"బి.ఏ. ఎకనామిక్సు. గుంటూరు కాలేజీలో నాకంటే మంచి మార్కులు ఆమెవే," అని ఆమె భర్త కృపానందం నవ్వాడు. "ఇప్పుడా బాధలేం లేవులెండి. హాయిగా ఇంట్లో ఉంటది."

ఆర్థిక మంత్రి అయ్యాక ఆయన నరసరావుపేట రావడం అదే మొదలు. సన్మానానికి వచ్చినవాళ్లందరికీ భోజనాలు ఇంట్లోనే. ఆమె పొద్దున్నుంచీ పొయ్యి దగ్గరే ఉంది.

హాయిగా. పెళ్లయిన కొత్తలో ఆమె మిషను స్కూల్లో పాఠాలు చెప్పేది. ఆయన లండన్‌లో చదివింది ఆ జీతం మీదే. యుద్ధం మొదలయ్యాక తిరిగొచ్చి మద్రాసులో ప్రొఫెసరయ్యాడు. అప్పుడే అత్త ఆదెమ్మకు పక్షవాతం వచ్చింది. "ఒక్క ఏడాది ఓర్చుకో రత్నా," అన్నాడాయన. ఆమె ఉద్యోగం మానేసింది. స్వతంత్రం వచ్చిన ఏడు ఆయన్ను రాయబారిగా విదేశం పంపితే, "అమ్మనొదిలి నువ్వెట్టా వస్తావు?" అన్నాడు. అమ్మనొదిలి తానెట్లా వెళ్తున్నాడో ఆమె అడగలేదు. అడగనందుకు ఇప్పటికీ లోపల మండుతూనే ఉంది. పక్కబట్టలు మారుస్తుంటే ఆదెమ్మ, "నా కొడుకు దొరలతో సమానంగా కూచుంటన్నాడే. నీకేంది లోటు?" అనేది. పత్రికల్లో ఆయన వ్యాసాలు చదువుతూ, నేనైతే ఇది ఇంకోలా రాసేదాన్ని అనుకునేది, మొదట్లో. పోనుపోను ఆ వ్యాసాలు ఆమెకు అర్థం కాకుండా పోయాయి. మొన్న వేసవిలో అత్త పోయినప్పటికంటే, అవి తనకిక అర్థం కావని తెలిసిన రోజే ఆమె ఎక్కువ ఏడ్చింది.

భోజనాలయ్యాయి. అతిథులు వెళ్లాక కృపానందం తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

"అమ్మ పోయిందిగా, ఇంక ఇక్కడుండి చేసేదేముంది? మద్రాసు పోదాం పద. పెద్ద బంగళా ఇచ్చారు. రోజూ చానామంది వస్తుంటారు, చూసుకునే మనిషి ఉండాల."

"మనిషిని పెట్టుకోండి."

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని ఆమెవంక చూశాడు. "కోపం వచ్చిందా?"

"లేదు. నేను రాను."

"ఇక్కడుండి ఏం చేస్తావు?"

ఎన్నో దేశాల పెద్దలతో సంప్రదింపులు జరిపినవాడు భార్యను ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి. స్కూల్లో ఆమె చోటు ఎప్పుడో నిండిపోయింది. చదివిన చదువు ఎంత మిగిలిందో ఆమెకే తెలియదు.

"తెలవదు," అంది. "అది తెలుసుకోడానికే ఉంటన్నా."