కౌబాయ్‌ని కసిరిన పెంచలమ్మ

జువ్వలదిన్నె హార్బరు దగ్గర ఇసుక దిబ్బల మీద పెంచలమ్మ ఇరవై ఏళ్లుగా చేపలు ఎండబెట్టి అమ్ముకుంటోంది. ఆ వేసవిలో సినిమావాళ్లు వచ్చి సరిగ్గా ఆమె చేపల పక్కనే చెక్కలతో ఒక సారా కొట్టు నిలబెట్టారు. వాళ్ల కౌబాయ్ సినిమాకి అమెరికా ఎడారి కావాలట. అంత దూరం పోయే స్తోమత లేక ఇక్కడికొచ్చారు.

కౌబాయ్ వేషం కిషోర్ బాబుది. ఆ పేరు వినగానే పెంచలమ్మ నెత్తిమీది గంప దించేసింది. మధ్యాహ్నం పూట టీవీలో ఆడవాళ్ల చేత ఆటలాడించి చీరలిచ్చే కిషోర్ బాబే! ఆ కార్యక్రమానికి పోవాలని ఆమె ఎన్నిసార్లు ఫోన్ చేయించిందో కోడలు సుభాషిణికే తెలుసు. ఒక్కసారీ లైను కలవలేదు.

రెండో రోజే చిక్కొచ్చిపడింది. సారా కొట్టు యజమానురాలిగా వేయాల్సిన నటి ఎండుచేపల వాసన పడక కారెక్కి వెళ్లిపోయింది. డైరెక్టరు శివశంకర్ తల పట్టుకుని అటూ ఇటూ చూస్తే ఎదురుగా పెంచలమ్మ కనిపించింది.

“అమ్మా, మీరేం మాట్లాడక్కర్లేదు. ఆయన తలుపు తన్ని లోపలికొస్తాడు. మీరు భయంతో వణకాలి. అంతే.”

“వణికేదానికేముంది సామీ, అట్నే కానీ,” అంది పెంచలమ్మ. చీర మీదే పొడుగాటి గౌను తొడిగి ఆమెను కొట్లో నిలబెట్టారు.

కెమెరా తిరిగింది. కిషోర్ బాబు ఒక్క తన్ను తన్నేసరికి పల్చటి తలుపు ఊడి కిందపడింది. పెంచలమ్మకు వణుకు రాలేదు, ఒళ్లు మండింది.

“ఏందబ్బయా ఇది? తలుపు తీసుకోని రాలేవా? దీన్ని మళ్లా ఎవురు బిగిస్తారు?”

కిషోర్ బాబు బిక్కచచ్చిపోయాడు. డైలాగు మర్చిపోయాడు. టోపీ తీసి పట్టుకుని, పన్నెండేళ్ల టీవీ అలవాటు కొద్దీ, “అమ్మా, మీ పేరేంటి? ఏ ఊరి నుంచి వచ్చారు?” అన్నాడు.

ఆ ప్రశ్న కోసమే ఆమె ఇన్నేళ్లు కాచుకుంది. కెమెరా సంగతే మర్చిపోయింది.

“పెంచలమ్మ నా పేరు. నేను వచ్చేదేంది, మా ఊరికి నువ్వే వచ్చుండావు. ఎన్ని తూర్లు ఫోన్ చేసినా మీవాళ్లు ఎత్తరే! సరే, కూర్చో. ముందు నీళ్లు తాగు. ఎండకి మొకం ఎట్టా అయిపోయిందో చూడు.”

కౌబాయ్ బుద్ధిగా కూర్చున్నాడు. నడుముకున్న తుపాకి జారి కిందపడింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. శివశంకర్ వాళ్లను నోరు మూసుకోమని సైగ చేశాడు గానీ కెమెరా మాత్రం ఆపించలేదు. తర్వాత వచ్చి ఆమెకు దండం పెట్టాడు.

“ఇంకో నాలుగు రోజులు రావాలమ్మా.”

“నేనొస్తే చేపలు ఎవురు తిరగేస్తారు?”

“నేను తిరగేస్తా,” అన్నాడు కిషోర్ బాబు. అన్నట్టే ఖాళీ దొరికినప్పుడల్లా టోపీ పెట్టుకునే తిరగేశాడు.

సినిమా కావలిలో ఒక్క వారమే ఆడింది. హార్బరు ఆడవాళ్లంతా ఆటోలు మాట్లాడుకుని పోయి చూశారు. తెర మీద పెంచలమ్మ కసరగానే హాలంతా ఈలలు. ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, “ఏమే, నా గొంతు అంత పెద్దదా?” అని కోడల్ని అడిగింది.

“మాకు దినామూ వినపడేదే గదత్తా,” అంది సుభాషిణి. వెనక వరసలోవాళ్లు గొల్లుమన్నారు.

పెంచలమ్మ కూడా నవ్వేసింది. కొంగు తీసేసి, మిగతా సినిమా అంతా నిటారుగా కూర్చుని చూసింది.