పక్కన కూర్చునే మాట

నా కొడుకు అరుణ్ ఆ మాట ఇంగ్లీషులో అన్నాడు. ఇంగ్లీషులో అంటే మాకు తెలియదనుకున్నాడు. నాకు తెలుసు.

హైదరాబాద్ నుంచి చీరల వ్యాపారి ఒకాయన మా మగ్గాలు చూడటానికి వచ్చాడు. నేనూ మైసమ్మా ముందు గదిలో చట్రం దగ్గర ఉన్నాం. తెల్ల నూలును చట్రానికి బిగించి, రంగు అంటకూడని చోటల్లా సైకిల్ ట్యూబు పట్టీలు చుట్టి ముడి వేస్తాం. దీన్నే చిటికి కట్టడం అంటాం. ఆ తర్వాతే రంగులో ముంచుతారు. మా చిట్యాల దిక్కు ఆడవాళ్లకు ఇదే పని. ఇద్దరు పక్కపక్కన కూర్చుని కడతారు. చీరకు కట్టు మొదలుపెట్టిన చేతులే ముగించాలి. చేయి మారితే బిగువు మారుతుంది, రంగు లోపలికి పాకుతుంది, పువ్వు చెదిరిపోతుంది. నా పెళ్లయిన కొత్తలో మైసమ్మ మా ఇంటికి పనికి వచ్చింది. అప్పటి నుంచి నా కుడి పక్కన కూర్చున్నది ఆమే.

"ఈమె మీ చుట్టమా?" అని వ్యాపారి అడిగాడు.

అరుణ్ నవ్వాడు. "నో సార్. ఫ్యామిలీ పారసైట్."

ఇద్దరూ నవ్వుకుంటూ లోపలి గదిలోకి పోయారు.

నేను బడికి పోలేదు. నూలు కట్టలకు చుట్టి వచ్చే కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కొని చదవడం నేర్చుకున్నాను. మనుమరాలు ప్రియాంక గ్రూప్స్ పరీక్షకు చదువుతోంది. ఇంగ్లీషు మాటలు ఎక్కడి నుంచి పుట్టాయో చెప్పే పుస్తకం ఒకటి దాని దగ్గర ఉంది. అది పైకి చదివితే నేను వింటాను. గ్రీకు భాషలో పారా అంటే పక్కన. పక్కపక్కనే సాగిపోయే గీతలు పారలల్. రాతలో విషయం మారిన చోట పక్కన గీసే గీత నుంచి పారాగ్రాఫ్ వచ్చింది. పారాచూట్‌లోని పారా మాత్రం ఈ వంశానిది కాదట, అది వేరే దారిన వచ్చిందట.

పారాలిసిస్ అంటే ఒక పక్క సడలిపోవడం. ఆ మాట నేను పుస్తకం కంటే ముందే దవాఖానలో విన్నాను. మా ఆయన పరమేశ్వర్‌కు మొదట కుడి పక్క సడలింది. తర్వాత మనిషే జారిపోయాడు, ఇంటికి తిరిగి రాలేదు. అప్పటి నుంచి ఎవరు గడప దాటినా తిరిగొచ్చేదాకా నా కళ్లు బాట మీదే ఉంటాయి.

పారసైట్ కూడా ఆ పుటలోనే ఉంది. తిండి పక్కన కూర్చునేవాడు. మొదట్లో అది తిట్టు కాదట. గుడిలో దేవుడి పేరున పెట్టే భోజనానికి కూర్చునే పెద్దమనిషిని అలా పిలిచేవారట. తర్వాత పెద్దింటి పంక్తిలో పొగిడి తినిపోయేవాడికి ఆ పేరు అంటింది. చివరికి పేనుకూ పేగుల్లో పురుగుకూ.

వ్యాపారి కారు కదిలిపోయాక మైసమ్మ అడిగింది.

"అక్కా, పారసైట్ అంటే ఏంది? ఇద్దరు మస్తు నవ్విన్రు గదా."

చుట్టం అని చెబుదామనుకున్నాను. నిజం చెబితే లేచిపోతుందని భయం. కానీ ఆమె నా ముఖంలోకి చూస్తోంది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"తిండి పక్కన కూసునుడా?" చేతిలో ముడి బిగిస్తూనే అంది. "ఎవల తిండి పక్కన?"

"మా తిండి."

"అట్లయితే నీ కొడుక్కు ఇంగ్లీషు రాదక్కా. ఇన్నేండ్ల సంది సద్ది నేనే తెచ్చుకుంటున్న. మీ ఇంట్ల నా నోట్లకు పోయింది చాయే. గా గిలాస సుత నేనే కడిగి బోర్లిస్తున్న. మీ అన్నం పక్కన నన్ను కూసోమన్నదెవలు?"

ఆమె సద్దిడబ్బా తీసుకొని లేచింది.

"రేపొస్తవు గదా, మైసమ్మా?"

"రాను."

నాకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది. లోపలికి పోయి అరుణ్ చేతిలోంచి ఫోన్ లాగి మంచం మీద పడేశాను.

"ఏం కూసినవురా గా సారు ముంగట?"

"జోక్ అమ్మా. గింత దానికి లొల్లి చేస్తవేంది?"

"ఆమె కట్టకుంటే నువ్వు ఏం నేస్తవు? గాలి నేస్తవా?"

"శ్రీదేవి కడ్తది తియ్యి."

కోడలు శ్రీదేవి వంటింట్లోంచే అందుకుంది. "నేనా? మొన్న నేను కట్టిన నెమలిని జూసి కోడి అన్నది నువ్వే గదా? నీ జోకులకు నన్ను బలి జెయ్యకు."

చట్రం సగం కట్టుతో అట్లాగే నిలబడింది. మరునాడు అరుణ్ మైసమ్మ ఇంటికి పోయి ముఖం వేలాడేసుకొని వచ్చాడు.

"మాఫీ అడిగిన. తిట్టుడేమో ఇంగ్లీషుల, మాఫీ తెలుగులనా అన్నది. గా సారు ముంగటనే తిట్టినవు, గా సారు ముంగటనే ఇంగ్లీషుల అడుగు అంటాంది."

"అడుగు మరి."

"గాయన ముంగట నా ఇజ్జత్ పోదా?"

"మరి ఆమె ఇజ్జతో?"

వాడు ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు.

మైసమ్మ వచ్చింది. వాడి కోసం కాదు. "సగం కట్టు ఇడిసిపెట్టుడు నాకు చాతకాదు" అని చట్రం ముందు కూర్చుంది. మధ్యాహ్నం ఆమె డబ్బా విప్పితే నేను కంచంలో అన్నం పెట్టుకొచ్చి పక్కన కూర్చున్నాను.

"ఇప్పుడు యాదికొచ్చిందా అక్కా?" అంది.

ఆమె మీద కూడా నాకు కోపం వచ్చింది. ఆ మాటలో తప్పు వెతికాను, దొరకలేదు. ఇద్దరం పక్కపక్కనే తిన్నాం.

చివరి ముడి పడ్డాక ఆమె తన బ్లేడు, పట్టీలు మూటగట్టుకుంది. "రేపటి సంది గుర్వయ్య ఇంట్ల కడ్త" అని వెళ్లిపోయింది. గుర్వయ్యకూ మా ఊళ్లో మగ్గాలున్నాయి. ఈసారి నేను బాట చూస్తూ నిలబడలేదు.

పొద్దున్నే తలదువ్వుకొని చెప్పులు వేసుకున్నాను. అరుణ్ అడ్డం వచ్చాడు.

"యాడికమ్మా?"

"గుర్వయ్య ఇంటికి. చిటికి కట్టనీకి."

"దిమాక్ ఖరాబయిందా? అరుణ్ తల్లి కూలికి పోతాందని ఊరంత అనదా?"

"అననీ. ఇంగ్లీషుల అనుమను, నువ్వు సుత నవ్వుదువు."

గుర్వయ్య నన్ను చూసి కంగారుపడి కుర్చీ తెచ్చి వేశాడు. నేను కుర్చీని పక్కకు నెట్టి చట్రం దగ్గర కింద కూర్చున్నాను. మైసమ్మ తలెత్తింది.

"గుర్వయ్య నన్ను జంట చెయ్యి తెమ్మన్నడు. ముసలి చెయ్యి తెమ్మనలే."

"నా బిగువు నీకు తెల్వదా?"

"చేతి బిగువు కంటె నీ నోటి బిగువు ఎక్కువ. జర అటు జరుగు, వెలుగు రానియ్యి."

జరిగాను. గుర్వయ్య ఎవరికీ అర్థం కాని మాటేదో గొణుక్కుంటూ నూలు పోగులు సరిచేశాడు. కాసేపటికి వాకిట్లో అరుణ్ బండి ఆగింది. "అమ్మా" అని పిలిచాడు. మైసమ్మ నా వైపు చూసింది.

"పోతవా?"

"ఆ పట్టీ ఇటియ్యి" అన్నాను.