సాయంత్రం బయల్దేరే కాళ్ళు

టై గారు మందుల కంపెనీలో పనిచేసేవారు. ఎండ మండిపోతున్నా మెడలో టై తీసేవారు కాదు కాబట్టి మందుల షాపులవాళ్ళూ, డాక్టర్ల దగ్గర పేషెంట్లని పేరుపెట్టి పిలిచే అమ్మాయిలూ ఆయనకి ఆ పేరు ఖాయం చేసేశారు. పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేసుకుని, శాంపిల్ మందుల బ్యాగు భుజాన వేసుకుని బయల్దేరేవారు. డాక్టర్ల గదుల బయట గోడకి ఆనుకుని నిలబడటంలోనే రోజంతా గడిచిపోయేది. లోపలికి పిలిచాక మాట్లాడేది నాలుగు ముక్కలు. ఆ నాలుగు ముక్కల కోసం పూటంతా నిలబడేవారు. ఎవరైనా జాలిపడి బెంచీ చూపిస్తే, పర్లేదండీ అని నవ్వేవారు. కూర్చుంటే ఏమవుతుందో ఆయనకి తెలుసు.

కూర్చుంటే కాళ్ళు మొదలుపెట్టేవి. పిక్కల్లో చీమలు బారులు తీరినట్టు, ఎముకల లోపల ఎవరో దారం లాగుతున్నట్టు ఉండేది. నొప్పి కాదు, దురద కాదు, తిమ్మిరీ కాదు. లేచి నాలుగడుగులు వేస్తే పోయేది, కూర్చుంటే మళ్ళీ వచ్చేది. పగలు ఎలాగో నెట్టుకొచ్చినా పొద్దువాలేసరికి వాటిని పట్టుకోవడం ఆయన తరమయ్యేది కాదు.

అందుకని ఇంటికి రాగానే స్నానం చేసి, పైజామా వేసుకుని, కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఒళ్ళో దుప్పటి పరుచుకునేవారు. కాసేపటికి కాళ్ళు పైజామాతో సహా మెల్లిగా కుర్చీ దిగి, గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుని, దగ్గరికి వేసిన తలుపు తోసుకుని బయటికి వెళ్ళిపోయేవి. నడుం దాకా ఆయన కుర్చీలో మిగిలిపోయేవారు. మంచినీళ్ళ సీసా, అన్నం గిన్నె, టీవీ రిమోటు చేతికందేలా ముందే పెట్టుకునేవారు. ఒక్కోసారి రిమోటు జారి కింద పడేది. ఆ రోజు ఏ ఛానెల్ నడుస్తుంటే అదే చూసేవారు. భోజనాల వేళ దాటాక కాళ్ళు తిరిగొచ్చి, కాళ్ళపట్టా మీద పాదాలు తుడుచుకుని, ఏమీ ఎరగనట్టు వాటి చోట్లో చేరిపోయేవి. ఎక్కడో బాగా పనిచేసి వచ్చినట్టు వాటిలో ఒక హాయైన అలసట ఉండేది. ఆ అలసటతోనే ఆయనకి నిద్ర పట్టేది.

ఆ వీధిలో ఇది ఎవరికీ వింతగా ఉండేది కాదు. పై వాటాలో ఉండే టీచరమ్మ ఆ వేళకి గేటు గొళ్ళెం తీసిపెట్టేది. ఒకసారి మాత్రం మెట్ల దగ్గర ఆపి, మీ కాళ్ళు రోడ్డు దాటేటప్పుడు అటూ ఇటూ చూడట్లేదండీ, కాస్త చెప్పుకోండి అంది. చూడటానికి వాటికి కళ్ళు లేవు కదా అన్నారాయన. అదీ నిజమేనని ఒప్పుకుని ఆవిడ పైకి వెళ్ళిపోయింది.

అవి ఎక్కడికి వెళ్తాయో ఆయన ఎవర్నీ అడగలేదు. ఎవరైనా చెప్పబోయినా మాట మార్చేసేవారు. బస్టాండు దాకా వెళ్ళి, భార్య ఉంటున్న ఊరి బస్సు ముందు నిలబడి, ఎక్కలేక వెనక్కొస్తున్నాయేమోనని లోపల్లోపల ఆయన అనుమానం. ఆ సంగతి ఇంకొకరి నోటి నుంచి వినాలని లేదు.

భార్య వెళ్ళిపోయింది కూడా ఆ కాళ్ళ వల్లేనని అందరూ అనుకునేవారు. పడుకుంటే చాలు, నిద్రలోనే తన్నేవారాయన. ఆవిడ ముందు గోడవైపు జరిగింది. తర్వాత ముందు గదిలోకి మారింది. ఆ తర్వాత ఒంట్లో బాగాలేదని అక్కగారింటికి వెళ్ళి, నెలలు గడిచినా రాలేదు. గొడవంటూ ఏమీ జరగలేదు. వారానికోసారి ఫోను చేసి, ఏం వండుకున్నారు, అక్కడ వాన పడిందా అని అడిగేది. పడింది అనో పడలేదు అనో ఈయన చెప్పేవారు. ఆవిడ వెళ్ళాకే, ఇంట్లో తన్నడానికి ఎవరూ లేకపోయాకే, కాళ్ళు బయటికి వెళ్ళడం మొదలుపెట్టాయి.

ఇలా ఉండగా ఉన్నట్టుండి కాళ్ళకి గిరాకీ వచ్చింది. అంతకుముందు కాళ్ళు లాగుతున్నాయంటే, వయసు మీద పడుతోంది అని తీసిపారేసేవారు. ఇప్పుడు ఒక కంపెనీ టానిక్కు తెచ్చింది, ఇంకొకరు పిక్కలకి అంటించుకునే పట్టీ తెచ్చారు, మరొకరు అయస్కాంతాలు కుట్టిన మేజోళ్ళు తెచ్చారు. మందుల షాపుల్లో దగ్గు మందుల్ని పక్కకి నెట్టి కాళ్ళ మందులకి ఒక అర ఖాళీ చేశారు. టై గారి కంపెనీ కూడా ఒక మాత్ర దింపింది. ఆయన కన్నా చాలా చిన్నవాడైన కొత్త మేనేజరు, అందర్నీ కూర్చోబెట్టి, రోగులు లేక కాదు సార్, తమకి రోగముందని తెలియకే మార్కెట్ నిద్రపోతోంది, మనం వెళ్ళి లేపాలి అన్నాడు. ఆ మీటింగులో కూడా టై గారు వెనకాల నిలబడే విన్నారు.

లేపడానికి పోస్టర్లు వేయించారు. "సాయంత్రమైతే మీ కాళ్ళు మీ మాట వినవా?" అని పెద్ద అక్షరాలు. వాటిని డాక్టర్ల దగ్గర గోడలకి అంటించే పని ఆయనదే. మొదటిది అంటించి వెనక్కి జరిగి, దాన్ని రెండుసార్లు చదువుకున్నారు. తనొక్కడికే ఉందనుకున్న బాధ, ఎవరికీ సరిగ్గా చెప్పుకోలేకపోయిన బాధ, గోడ మీద రంగుల్లో అచ్చయి ఉంది. పక్క బెంచీ మీదున్న ఒక పెద్దమనిషి అది చదివి, తన కాళ్ళకేసి చూసుకుని, మోకాళ్ళ మీద చేతులు వేసుకున్నాడు.

అందరికీ అమ్మేముందు తను వేసుకుని చూద్దామనిపించింది. ఎప్పట్నుంచో తెలిసిన ముసలి డాక్టరు రక్తపరీక్ష చేయించి, ఈ బాధ తెచ్చే ఇనుము లోపమేం లేదని చూసుకుని, సరే వాడండి అన్నారు. మొదట్లో బాగానే పనిచేస్తుందని, కొందరికి మాత్రం కొన్నాళ్ళకి బాధ మధ్యాహ్నానికే మొదలవుతోందని, ఎలా ఉందో తనకి చెబుతూ ఉండమని అన్నారు.

మాత్ర పనిచేసింది. ఆ సాయంత్రం కాళ్ళు కుర్చీలోనే ఉండిపోయాయి. ప్రయాణం రద్దయి సర్దిన సామాను అలాగే ఉండిపోయినట్టు బరువుగా వేలాడాయి. టీచరమ్మ పైనుంచి, ఇవాళ గేటు వేసెయ్యనా అని కేకేసి అడిగింది. వేసెయ్యండి అన్నారాయన. ఎప్పుడంటే అప్పుడు లేచి రిమోటు తెచ్చుకోవచ్చు, వంటింట్లోకి వెళ్ళి వేడన్నం వడ్డించుకోవచ్చు. వడ్డించుకున్నారు. తిన్నారు. ఇంకా చాలా సాయంత్రం మిగిలింది. ఒక వారం రోజులు చూసి భార్యకి ఫోను చేశారు. కాళ్ళు కుదురుకున్నాయి, ఒకసారి వచ్చి చూడు అన్నారు. ఆవిడ ముందు వాన సంగతి అడిగింది. తర్వాత, వస్తాను అంది.

ఆవిడ చిన్న బ్యాగుతో వచ్చింది. పక్కనే పడుకుని తెల్లవార్లూ కదలకుండా నిద్రపోయింది. పొద్దున్న లేచి, నిజమేనండీ, ఒక్కసారి కూడా కదల్లేదు అంది. ఆయన పొంగిపోయి ఆ రోజు సెలవు పెట్టారు. సాయంత్రం ఇద్దరూ టీవీ ముందు కూర్చున్నారు. డాక్టరు దగ్గర పిలుపు కోసం కూర్చున్న ఇద్దరు మనుషుల్లా, ఎవరి చేతులు వాళ్ళ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. కూరలో ఉప్పు సరిపోయిందా అని ఆవిడ అడిగింది. సరిపోయింది అన్నారు. మర్నాడూ అంతే. ఆ మర్నాడు పొద్దున ఆవిడ బ్యాగు సర్దుకుని వంటింటి బల్ల దగ్గరికి వచ్చింది.

"హాయిగా నిద్రపోయావు కదా," అన్నారాయన. "ఇంకెందుకు వెళ్ళడం?"

"కాళ్ళ వల్ల వెళ్ళానని అందరికీ చెప్పానండీ. చెప్పడానికి తేలిగ్గా ఉండేది. నమ్మడానికి నాకూ తేలిగ్గానే ఉండేది." ఆవిడ కొంగుతో బల్ల మీద లేని మరక తుడిచింది. "మీరు మంచివారు. కానీ మనకి మాట్లాడుకోవడానికి ఎప్పుడూ ఏమీ ఉండేది కాదు. మీరు తన్నినప్పుడు కనీసం కోపమైనా వచ్చేది."

ఆయనకి ఏం చెప్పాలో తోచలేదు. ఆవిడ చెప్పిందే నిజమని ఆ తోచకపోవడంలోనే ఆయనకి తెలిసింది. బస్టాండు దాకా బ్యాగు మోసుకెళ్ళి, కిటికీ పక్కన సీటు చూసి కూర్చోబెట్టారు. బస్సు కదిలేదాకా నిలబడ్డారు. బస్సు వెళ్ళిపోయాక కూడా నిలబడ్డారు. అక్కడ నిలబడాలన్న ఆత్రం తన కాళ్ళకి ఏమాత్రం లేదని, అవి ఈ చోటు ఎన్నడూ ఎరగవని అప్పుడు ఆయనకి అర్థమైంది.

మాత్ర మానలేదు. మానడానికి కారణమేదీ కనబడలేదు. అమ్మకాలు పెరిగాయి. టై గారే ఆ మాత్ర వేసుకుంటున్నారని ఎలాగో మేనేజరుకి తెలిసి, డాక్టర్లందర్నీ హోటల్లో భోజనానికి పిలుస్తున్నామని, స్టేజీ మీద కుర్చీ వేస్తామని, టై గారు సాయంత్రమంతా అందులో కదలకుండా కూర్చుంటే చాలని అన్నాడు. మన ఏరియా మొత్తానికి మీ కాళ్ళే ప్రకటన సార్ అన్నాడు. టై గారు సరేనన్నారు. సాయంత్రాలు ఎక్కడ కూర్చున్నా ఒకటే అనిపించింది.

ఆ భోజనం ఉన్న రోజు ఉదయం తలుపు చప్పుడైంది. గుమ్మంలో ఒకావిడ, ఆయన వయసే ఉంటుంది, చేతికర్ర మీద ఆనుకుని నిలబడి ఉంది. మెడలో కొలతల టేపు వేలాడుతోంది. ఆవిడ ఆయన ముఖం వైపు కాకుండా ముందు కాళ్ళ వైపు చూసింది. చాలా రోజులకి కనిపించిన చుట్టాన్ని చూసినట్టు చూసింది.

"బాగానే ఉన్నాయన్నమాట," అంది. "ఏదైనా బండి కింద పడ్డాయేమోనని భయపడ్డానండీ."

ఆయన లోపలికి రమ్మని కుర్చీ వేశారు. ఆవిడ కూర్చుని చెప్పింది. వెనక వీధి చివర కుట్టుపని చేస్తుంది. కుడి మోకాలికి ఆపరేషన్ అయ్యాక మిషను తొక్కలేక కొట్టు మూసేద్దామనుకుంది. అలాంటి సమయంలో ఒక సాయంత్రం ఈ కాళ్ళు వచ్చి, గుమ్మంలో చెప్పులు విడిచి, మిషను కింద చేరి తొక్కడం మొదలుపెట్టాయి. అప్పట్నుంచీ ఆవిడ బల్లకి ఈ పక్కన నిలబడి గుడ్డ జరిపేది, అవి తొక్కేవి. ఇప్పుడు స్కూలు యూనిఫాంలు కుప్పగా పడి ఉన్నాయి.

మోటారు పెట్టించుకోవచ్చు కదండీ అన్నారాయన. పెట్టించానండీ, అది పరిగెత్తుతుంది, ఆగమంటే ఆగదు, మీ కాళ్ళయితే బల్ల మీద చేత్తో తడితే ఆగేవి అందావిడ.

"నాకు చెప్పలేదే ఇన్నాళ్ళూ," అన్నారు.

"మీరే పంపిస్తున్నారనుకున్నాను." ఆవిడ టేపు చివర వేలికి చుట్టుకుంది. "పాపం, తనకి కుదరక కాళ్ళని పంపిస్తున్నారు, ఎప్పుడో ఒకప్పుడు తనూ వస్తారులే అనుకున్నాను. రోజూ వాటితోనే మాట్లాడేదాన్ని. చెవులు లేవని తెలుసు. అయినా అలవాటైపోయింది."

ఆవిడ ఇంకేమీ అడగలేదు. రేపట్నుంచి పంపమని కూడా అనలేదు. కర్ర అందుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ దిగి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం టై గారు మేనేజరుకి ఫోను చేసి, స్టేజీ మీద కూర్చోవడం తనవల్ల కాదన్నారు. అవతలివాడు బతిమాలాడు, కాస్త కోప్పడ్డాడు, చివరికి ఈ మాత్ర ఇంకొకరికి అప్పజెబుతాను, మీరు దగ్గు మందులు చూసుకోండి అన్నాడు. అలాగే అన్నారు. ఆ రోజు మాత్ర వేసుకోలేదు.

పొద్దువాలింది. టై కూడా విప్పకుండా కుర్చీలో కూర్చుని దుప్పటి పరుచుకున్నారు. పిక్కల్లో చీమలు కదిలాయి. కాళ్ళు కుర్చీ దిగబోయాయి. అప్పుడాయన దుప్పటి పక్కన పడేసి, వాటితోపాటు తనూ లేచి నిలబడ్డారు. కాళ్ళు ఒక్క క్షణం తటపటాయించి, మనిషి బరువుతో సహా గుమ్మం దాటాయి. ఎటు వెళ్ళాలో ఆయన చెప్పలేదు. అవి తీసుకెళ్ళినట్టే వెళ్ళారు. రోడ్డు దగ్గర మాత్రం అటూ ఇటూ చూశారు.

కొట్లో లైటు వెలుగుతోంది. ఆవిడ తలెత్తి చూసి, కత్తెర కింద పెట్టింది.

"పూర్తిగా వచ్చారే," అంది.

ఆయన చెప్పులు విడిచి మిషను ముందు స్టూలు మీద కూర్చున్నారు. పాదాలకి పని తెలుసు. ఆవిడ గుడ్డ జరుపుతూ మాటలు మొదలుపెట్టింది. కాలర్ల గురించీ, చిల్లర విషయాల గురించీ, ఆపరేషన్ చేసిన డాక్టరు గురించీ. ఆ డాక్టరు గదిముందు తనెన్ని పూటలు నిలబడ్డారో ఆయన చెప్పారు. ఆవిడ నవ్వింది. ఆయన ఇంకొకటి చెప్పారు. తనకి ఇన్ని సంగతులు తెలుసునని ఆయనకే తెలియదు. మధ్యలో ఎప్పుడో టై వదులు చేసుకున్నారు.

ఆఖరి చొక్కా అయ్యాక ఆవిడ చేత్తో బల్ల తట్టింది. మిషను ఆగింది. ఇక వెళ్ళొస్తానండీ అని ఆయన లేవబోయారు.

కాళ్ళు లేవలేదు. చీమలు లేవు, దారం లాగడం లేదు. మాత్ర పెట్టిన బరువూ లేదు. స్టూలు కింద ఒకదాని పక్కన ఒకటి, ఎక్కడికీ పోవాల్సిన పని లేనట్టు తీరిగ్గా ఉన్నాయి. ఆయన ఇంకోసారి ప్రయత్నించి, సిగ్గుపడుతూ ఆవిడవైపు చూశారు.

"కూర్చోండి మరి," అందావిడ, రెండో టీ గ్లాసు కోసం అలమర తెరుస్తూ.